రోజూ పోయే తొవ్వలో మొదటిసారి అరెస్ట్ అయితే: ఆపిన నిమిషం నుంచి బెయిల్ దాకా

పిల్లలమర్రి_నీడ

మహబూబ్‌నగర్, జడ్చర్ల నుంచి షాద్‌నగర్, కొత్తూరు దాకా, అటు నల్లగొండ నుంచి నార్కట్‌పల్లి, చిట్యాల, చౌటుప్పల్ దాకా రోజూ డ్యూటీకి పోయి వచ్చేటోళ్ళు ఇక్కడ శానా మంది ఉన్నరు. బస్సు పాసులు, రైలు టైములు, షేరింగ్ కార్ల చార్జీలు అన్నీ మాట్లాడుకుంటం. దీని మీద మాత్రం ఒక్క థ్రెడ్ కూడా లేదు.

పోలీసు రికార్డులో పేరే లేని మనిషిని పొద్దున డ్యూటీకి పోతుంటే ఆపి "స్టేషన్‌కు నడువు" అంటే అక్కడి నుంచి ఏం జరుగుతది? ఏయే కారణాలకు అట్ల అంటరు? ఏ కాగితం మీద సంతకం పెట్టాలె, ఏది వద్దు? ఇంటికి ఎవరు చెప్తరు? తెలిసినోళ్ళు సెక్షన్ల తోటి, టైముల తోటి రాయండి. "మాకు తెలిసిన ఎమ్మెల్యే ఉన్నడు" అసొంటి సలహాలు వద్దు, అవి అందరికీ తెలుసు.

జడ్చర్ల_చౌరస్తా

మంచి ప్రశ్న. 2024 జూలై 1 నుంచి సీఆర్‌పీసీ (అరెస్ట్, బెయిల్ పద్ధతుల చట్టం) పోయి బీఎన్ఎస్ఎస్ వచ్చింది, ఐపీసీ (నేరాలు, శిక్షల చట్టం) స్థానంలో బీఎన్ఎస్ వచ్చింది. పాత సెక్షన్ నంబర్లతో వాట్సాప్‌లో తిరిగే మెసేజీలను పక్కన పెట్టండి.

"స్టేషన్‌కు నడువు" అన్న మాట వెనుక మూడు వేర్వేరు పరిస్థితులు ఉండొచ్చు. ఏది అన్నదాన్ని బట్టే మీ హక్కులు మారతాయి.

ఒకటి, సాక్షిగా పిలవడం. బీఎన్ఎస్ఎస్ సెక్షన్ 179 కింద రాతపూర్వకంగా పిలవాలి. మహిళలు, 15 ఏళ్ళ లోపు పిల్లలు, 60 దాటినవారు, వికలాంగులు, తీవ్ర అనారోగ్యంతో ఉన్నవారు స్టేషన్‌కు రానక్కర్లేదు, పోలీసులే వాళ్ళుండే చోటికి రావాలి.

రెండు, నిందితుడిగా నోటీసు. సెక్షన్ 35(3). ఫలానా రోజు, ఫలానా టైముకు హాజరు కావాలని రాసి ఇస్తారు. పాత 41ఏ నోటీసు ఇదే. హాజరవుతున్నంత కాలం అరెస్ట్ చేయకూడదు. చేయాల్సి వస్తే కారణాలు రాసి పెట్టాలి. ఈ నోటీసు వాట్సాప్‌లో పంపితే చెల్లదని సుప్రీంకోర్టు 2025 జనవరిలో చెప్పింది.

మూడు, అరెస్ట్. ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరమైతే అరెస్ట్ ఎందుకు అవసరమో పోలీసు అధికారి రాయాలి. 2014లో సుప్రీంకోర్టు ఇచ్చిన అర్నేష్ కుమార్ తీర్పు నుంచి ఇదే లెక్క. మూడేళ్ళ లోపు శిక్ష ఉన్న నేరంలో 60 దాటిన మనిషినో, జబ్బు మనిషినో అరెస్ట్ చేయాలంటే డీఎస్పీ ముందస్తు అనుమతి కావాలి.

కాబట్టి మొదట అడగాల్సింది ఒక్కటే: "సార్, అరెస్ట్ చేస్తున్నరా, విచారణకు పిలుస్తున్నరా?" మర్యాదగా, ఒక్కసారి. జవాబు రాకపోతే రెట్టించవద్దు. ఆ టైము గుర్తుంచుకోండి, అదే తర్వాత పనికొస్తుంది. స్వేచ్ఛగా పోనివ్వకుండా ఆపిన క్షణం నుంచే 24 గంటల లెక్క మొదలవుతుంది. పోలీసులు అరెస్ట్ కాగితంలో (మెమోలో) రాసుకున్న టైము నుంచి కాదని మన హైకోర్టు కూడా 2024లో చెప్పింది.

కోయిల్‌సాగర్

చౌరస్తా సార్ చెప్పింది పుస్తకం ప్రకారం కరెక్టే. ఎండల నిలబడి వెయ్యి బండ్లు ఆపిన కానిస్టేబుల్ ముంగట 35(3) అని చదివితే ఏమైతదో కూడా రాయాలె గద. మాట పెరిగి చెయ్యి తగిలితే బీఎన్ఎస్ 132 పడుతది. ప్రభుత్వ ఉద్యోగిని డ్యూటీ చెయ్యనీయకుండ దౌర్జన్యం చేసిన కేసు అది, రెండేళ్ళ దాకా శిక్ష, నాన్ బెయిలబుల్. వంద రూపాయల చలానా కాస్త గంటలో అక్కడికి చేరుతది.

రోడ్డు మీద చెయ్యాల్సింది తక్కువ. బండి పక్కకు ఆపి ఇంజన్ బంద్ చెయ్యి. తాళం చెవి ఇయ్యాలనేం లేదు గానీ గుంజులాట వద్దు. పేరు, ఊరు నిజం చెప్పు. చిన్న నేరమైనా పేరూ చిరునామా చెప్పకపోతే, తప్పు చెప్తే, సెక్షన్ 39 కింద అందుకోసమే అరెస్ట్ చెయ్యొచ్చు. నిజం తేలినంక బాండు రాయించుకొని వదిలిపెట్టాలె.

ఫోన్ చేతిల ఉన్నప్పుడే ఇంటికి ఒక్క మెసేజ్ కొట్టు: టైము, ఆపిన జాగ, ఏ స్టేషనో, ఆపిన అధికారి ఛాతీ మీద పేరు. "8.40, చిట్యాల చౌరస్తా, ఫలానా స్టేషన్, ఫలానా ఎస్సై." పది సెకండ్ల పని. రేపు కోర్టులో ఎప్పుడు పట్టుకున్నరన్న పంచాయితి వస్తే ఆ మెసేజే సాక్ష్యం. వీడియో తీసి మొఖం మీద పెట్టుడు కంటే ఇది వెయ్యి రెట్లు నయం.

లతీఫ్_గుట్ట

కారణాల సంగతి. రోజూ ఒకటే దారిన పోయే మామూలు మనిషిని అప్పటికప్పుడు లోపలేసేవి గట్టిగా చూస్తే నాలుగైదే.

అన్నిటికంటే ఎక్కువ మందికి తెలియకుండా మెడకు చుట్టుకునేది ఎన్‌బీడబ్ల్యూ, అంటే నాన్ బెయిలబుల్ వారెంట్. ఎప్పటిదో చెక్ బౌన్సు, మెయింటెనెన్స్ కేసు, పాత కొట్లాట, యాక్సిడెంట్ కేసు. వాయిదాకు పోకపోతే ముందు సమన్లు, తర్వాత బెయిలబుల్ వారెంట్, ఆ తర్వాత ఎన్‌బీడబ్ల్యూ. దానికి గడువు తీరుడు ఉండదు. కోర్టు రద్దు చేసేదాకా, లేదా అమలయ్యేదాకా బతికే ఉంటది. వాహన తనిఖీల పేరు, తండ్రి పేరు కొట్టి చూస్తే బయటపడుతది.

మన దగ్గర దీనికి ఇంకో మెలిక ఉంది. 2016 అక్టోబర్ 11న జిల్లాలు విడిపోయినయి, నారాయణపేట 2019 ఫిబ్రవరిలో వచ్చింది. 2022 జూన్ 2న కొత్త జిల్లా కోర్టులు మొదలైనయి. ఉమ్మడి పాలమూరు, ఉమ్మడి నల్లగొండ కోర్టుల పాత ఫైళ్ళు వనపర్తి, నాగర్‌కర్నూల్, గద్వాల, సూర్యాపేట, భువనగిరి వైపు పోయినయి. మనిషి మహబూబ్‌నగర్ కోర్టు చుట్టే తిరుగుతుంటడు, వాయిదా ఇంకో ఊళ్ళ పడుతుంటది. ఈకోర్ట్స్ యాప్‌ల పాత జిల్లా పేరుతో ఒకసారి, కొత్త జిల్లా పేరుతో ఒకసారి వెతకాలె. ప్రతి కేసుకూ ఉండే 16 అక్షరాలు-అంకెల సీఎన్ఆర్ నంబర్ ఉంటే ఏ గోలా లేదు, ఎక్కడున్నా దొరుకుతది.

వారెంట్ ఉందని తెలిస్తే పట్టుబడేదాకా ఆగొద్దు. వకీలు తోటి కోర్టుకు పోయి వారెంట్ రద్దు చెయ్యమని రీకాల్ పిటిషన్ ఎయ్యాలె, సెక్షన్ 72(2). తనంతట తను వచ్చిన మనిషికీ తనిఖీల దొరికిన మనిషికీ జడ్జి దగ్గర శానా తేడా ఉంటది. మొదటోడు చిన్న జరిమానాతో బయటపడొచ్చు. రెండోవాన్ని రిమాండుకు పంపే అవకాశం ఎక్కువ.

ఈ-చలానాలు పెండింగ్ ఉన్నయని అరెస్ట్ చెయ్యరు. అవి కోర్టుకు పోయి, సమన్లు వచ్చి, వాటినీ పట్టించుకోకపోతేనే వారెంట్ సంగతి.

పానగల్లు

లతీఫ్ అన్న వారెంట్లు చెప్పిండు, నేను రోడ్డు సంగతి చెప్త. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 202 అని ఉంది, దాన్ని శానా మంది చూడరు. యూనిఫాంల ఉన్న పోలీసు, తన కండ్ల ముంగట 184 గానీ 185 గానీ 197 గానీ జరిగితే వారెంట్ లేకుండ అరెస్ట్ చెయ్యొచ్చు. 185 తాగి నడుపుడు. 197 ఓనరు అనుమతి లేకుండ బండి తీస్కపోవుడు. 184 ప్రమాదకరంగ నడుపుడు. 2019 సవరణ తర్వాత ఈ 184 కిందికే ఎర్ర సిగ్నల్ దాటుడు, చేతిల ఫోన్ పట్టుకొని నడుపుడు, రాంగ్ రూట్ కూడా వచ్చినయి. మొదటిసారికి ఆరు నెలల నుంచి ఏడాది దాకా జైలు, లేదా వెయ్యి నుంచి ఐదు వేల దాకా జరిమానా, లేదా రెండూ.

హైవే మీద యూ టర్న్ కిలోమీటరు అవతల ఉందని రాంగ్ రూట్ల వచ్చుడు చిట్యాల కాడ, నార్కట్‌పల్లి కాడ, 44వ నంబర్ రోడ్డు మీద బాలానగర్ కాడ రోజూ కనిపించే పనే. నూటికి తొంభై తొమ్మిది మందికి చలానాతోనే పోతది. అరెస్ట్ అధికారం మాత్రం చట్టంల ఉన్నది, ఎదురు మాట్లాడితే అప్పుడు అది గుర్తుకొస్తది.

ఇగ 185. వంద మిల్లీలీటర్ల రక్తంల 30 మిల్లీగ్రాములు దాటితే కేసు. మొదటిసారికి ఆరు నెలల దాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. రోడ్డు మీద కట్టి పోయేది కాదు, కోర్టుకు పోవాల్సిందే.

మనోళ్ళు ఎక్కువ దొరికేది రాత్రి కాదు, పొద్దున. ఒంట్ల ఆల్కహాల్ గంటకు దాదాపు 15 నుంచి 20 మిల్లీగ్రాముల చొప్పున తగ్గుతది. రాత్రి పన్నెండుకు 160 ఉంటే, గంటకు 15 లెక్కన పొద్దున ఎనిమిదికి 120 పోతది, ఇంకా 40 ఉంటది. పడుకొని లేచిన, చన్నీళ్ళ స్నానం చేసిన, మజ్జిగ తాగిన అంటే మిషన్ ఒప్పుకోదు. పోలేపల్లి సెజ్ ఫస్టు షిఫ్టుకు ఆరింటికే బండి తీసేటోళ్ళకు ఇంకా రెండు గంటలు తక్కువ దొరుకుతయి. కల్లు తాగినా ఆల్కహాల్ ఆల్కహాలే, తాటి కల్లయినా ఈత కల్లయినా.

మౌత్‌వాష్, దగ్గు మందు నోట్ల ఉన్నప్పుడు ఊదితే అంకె ఎక్కువ చూపిస్తది. నోట్ల ఉన్న ఆల్కహాల్ పదిహేను నిమిషాలకు పోతది. "సార్, కొద్దిసేపు ఆగి ఇంకోసారి ఊదుత" అని అడగండి. కొత్త పైపు పెట్టమని కూడా అడగొచ్చు. ఊదను అని మొండికేస్తే మాత్రం సెక్షన్ 203 కింద అందుకే అరెస్ట్ చెయ్యొచ్చు, ఆ నిరాకరణే రేపు కోర్టుల ప్రాసిక్యూషన్‌కు బలమైతది.

అరెస్ట్ చేస్తే రెండు గంటల లోపల డాక్టరు కాడికి తీస్కపోవాలె. 202లనే రాసి ఉంది. తీస్కపోకపోతే వదిలిపెట్టాలె.

పిల్లలమర్రి_నీడ

ఇది తెల్వని ముచ్చట. మరి అప్పుడు బండి సంగతి? డ్రంకెన్ డ్రైవ్ అంటే బండి గుంజుకుంటరనే అందరు అనుకుంటరు.

జడ్చర్ల_చౌరస్తా

తాగి నడిపాడన్న కారణంతో బండిని సీజ్ చేసే అధికారం లేదని తెలంగాణ హైకోర్టు 2021 నవంబర్‌లో చెప్పింది. పక్కన తాగని మనిషి, లైసెన్సు ఉన్నవాడు ఉంటే అతనికి ఇవ్వాలి. లేకపోతే ఇంటివాళ్ళనో దోస్తునో పిలిపించి ఇవ్వాలి. ఎవరూ రాకపోతేనే స్టేషన్‌లో పెట్టాలి. తర్వాత ఆర్సీ, లైసెన్సు చూపించిన ఓనరుకు అప్పగించాలి. రిజిస్ట్రేషన్ లేని బండి, పర్మిట్ లేని బండి వేరు, దానికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 207 ఉంది.

డిండి_అలుగు

రైలు వాళ్ళ గురించి ఎవరూ రాయలేదు. కాచిగూడ–మహబూబ్‌నగర్ లైన్లో, ఇటు నల్లగొండ మీదుగా పోయే గుంటూరు లైన్లో రోజూ ఎక్కేవాళ్ళకు రైల్వే చట్టం 1989 వర్తిస్తుంది. పట్టుకునేది ఆర్‌పీఎఫ్ (రైల్వే రక్షణ దళం). దొంగతనం, కొట్లాట లాంటివైతే రైల్వే పోలీసులు.

టికెట్ లేకపోతే వెంటనే అరెస్ట్ అనుకోవద్దు. సెక్షన్ 138 కింద చార్జీతో పాటు అంతే మొత్తం గానీ 250 రూపాయలు గానీ, ఏది ఎక్కువైతే అది అదనంగా కట్టాలి. కట్టను అంటేనే మేజిస్ట్రేట్ దాకా పోతుంది, అక్కడా కట్టకపోతే పది రోజులకు తగ్గకుండా నెల దాకా జైలు. మోసం చేయాలనే ఎక్కాడని తేలితే 137, ఆరు నెలల దాకా జైలు, లేదా వెయ్యి దాకా జరిమానా, లేదా రెండూ. సీజన్ టికెట్ వేరేవాళ్ళ పేరు మీద ఉంటే ఈ రెండో దాని వైపు జరిగే ప్రమాదం ఉంది.

రోజువారీ ప్రయాణికులు పట్టుబడేవి నిజానికి వేరే. దోస్తు ప్లాట్‌ఫాం మీద ఉండిపోయాడని గొలుసు లాగడం, సెక్షన్ 141, ఏడాది దాకా జైలు లేదా వెయ్యి జరిమానా. ఓవర్ బ్రిడ్జి ఎక్కడం బద్ధకమై పట్టాలు దాటడం 147, ఆరు నెలల దాకా లేదా వెయ్యి. ఫుట్‌బోర్డు మీద వేలాడటం 156, మూడు నెలల దాకా లేదా 500. ఆడవాళ్ళ బోగీలో మగవాళ్ళు ఎక్కడం 162, 500 దాకా జరిమానా.

ఒక మంచి నిబంధన చెప్తాను, టీసీలకు కూడా అందరికీ గుర్తుండదు. టికెట్ లేదని తోడు మగ మనిషి లేని ఆడమనిషినో పిల్లవాడినో దించాలంటే ఆమె ఎక్కిన స్టేషన్లోగానీ, జంక్షన్లోగానీ, చివరి స్టేషన్లోగానీ, జిల్లా కేంద్రం ఉన్న స్టేషన్లోగానీ, అదీ పగటి పూట మాత్రమే దించాలి. సెక్షన్ 139. అంటే మహబూబ్‌నగర్‌లో దించొచ్చు, నల్లగొండలో దించొచ్చు. మధ్యలో ఎక్కడో చిన్న స్టేషన్లో రాత్రి ఎనిమిదింటికి దించేయడం కుదరదు.

ఉదయసముద్రం

మహిళల సంగతి వచ్చింది కాబట్టి రెండు ప్రశ్నలు. సాయంత్రం ఆఖరి బస్సులో వచ్చే ఆడవాళ్ళను చీకటి పడ్డాక స్టేషన్‌కు తీసుకుపోవచ్చా? రెండోది మాలాంటి టీచర్లది. చిన్న గొడవలో అరెస్ట్ అయినా ఉద్యోగం పోతుందంటారు, నిజమేనా? ఆడవాళ్ళకు ఉచిత బస్సు పథకం మహాలక్ష్మి వచ్చాక కండక్టరుతో ఆధార్ కార్డు దగ్గర మాటామాటా పెరగడం రోజూ చూస్తున్నాం, అందుకే అడుగుతున్నాను.

జడ్చర్ల_చౌరస్తా

మేడమ్, మొదటిది. సూర్యాస్తమయం తర్వాత, సూర్యోదయం ముందు మహిళను అరెస్ట్ చేయకూడదు. అసాధారణ పరిస్థితి అయితే మహిళా అధికారే రాతపూర్వక రిపోర్టు పెట్టి, ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్ ముందస్తు అనుమతి తీసుకుని చేయాలి. సెక్షన్ 43(5). మామూలుగా కూడా మగ పోలీసు ఆమెను ముట్టుకోకూడదు, అరెస్ట్ చేస్తున్నామని నోటితో చెబితే లొంగిపోయినట్టే లెక్క. బ్యాగు, ఒంటి తనిఖీ మహిళా పోలీసే చేయాలి. వైద్య పరీక్ష మహిళా డాక్టరు చేయాలి, లేదా ఆమె పర్యవేక్షణలో జరగాలి.

రెండోది. ఉద్యోగం పోదు. రాష్ట్ర ఉద్యోగుల క్రమశిక్షణ నిబంధనలైన సీసీఏ రూల్స్ 1991లో రూల్ 8 ప్రకారం 48 గంటలు దాటి కస్టడీలో ఉంటే సస్పెండ్ అయినట్టే భావిస్తారు, ఆర్డరు దానంతటదే వస్తుంది. కేంద్ర ఉద్యోగులకూ అదే 48 గంటలు. అందుకే ఉద్యోగస్తుల విషయంలో శుక్రవారం సాయంత్రం అరెస్ట్ అంటే భయపడతారు. శనివారం, ఆదివారం బెయిల్ పిటిషన్ కదలకపోతే గడువు దాటిపోతుంది. అరెస్ట్ అయిన విషయం దాచకుండా పై అధికారికి రాతపూర్వకంగా తెలపాలి. దాచడమే వేరే చార్జీ అవుతుంది, అసలు కేసు కొట్టేసినా ఇది మిగులుతుంది.

కోయిల్‌సాగర్

కండక్టరు ముచ్చట నేను చెప్త అక్కా. జీరో టికెట్ 2023 డిసెంబర్ 9 నుంచి ఉన్నది. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపెట్టాలె. కార్డు లేదంటే ఆ ఒక్క పూట టికెట్ పైసలు ఇచ్చేసుడే మంచిది. టికెట్ లేకుంటే జరిమానా 500 దాకనే, అరెస్ట్ లేదు. కానీ కండక్టరు కాలరు పట్టినవనుకో, మిషన్ గుంజినవనుకో, డ్రైవర్ను కొట్టినవనుకో, 132 తోటి ఆగదు. దెబ్బ తగిలితే 121, ఐదేళ్ళ దాకా శిక్ష. బస్సు తిన్నగ స్టేషన్ ముంగటే ఆగుతది, ఎక్కినోళ్ళందరు సాక్షులు, బండ్లల్ల కెమెరాలు కూడా పెడుతున్నరు.

నాన్ బెయిలబుల్ అనంగనే జైలుకే అని కాదు. ఏడేళ్ళ లోపే కాబట్టి 35(3) నోటీసు ఇచ్చి పంపే వీలు ఉంది. ఇస్తరా లేదా అనేది గొడవ ఎంత దూరం పోయిందో దాని మీద ఉంటది.

పానగల్లు

స్టేషన్ లోపల ఏం జరుగుతదో చెప్పకపోతే థ్రెడ్ అడిగినాయనకు జవాబు దొరకదు. వరుసగ ఇట్ల ఉంటది.

ముందు రైటర్ టేబుల్. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, వృత్తి, ఊరు రాసుకుంటడు. ఆధార్‌ల ఉన్నట్టే చెప్పాలె. ఇక్కడ పడ్డ తప్పు స్పెల్లింగు ఎఫ్ఐఆర్ల, రిమాండ్ రిపోర్టుల, బెయిల్ ఆర్డర్ల అంతటా పాకుతది. చివరికి జైలు గేటు కాడ "ఆర్డర్ల పేరు వేరే ఉంది" అని ఒక రాత్రి ఎక్కువ ఉంచుతరు. చిన్న విషయం అనుకోవద్దు.

తర్వాత ఒంటి మీది సామాను తీసుకుంటరు. ఫోను, పర్సు, ఉంగరం, బెల్టు. సెక్షన్ 49 ప్రకారం తీసుకున్నదానికి రసీదు ఇయ్యాలె. ఫోన్ ఐఎంఈఐ నంబర్, పర్సుల ఎన్ని పైసలు ఉన్నయో అందుల రాయించాలె. బంగారం ఉంటే వచ్చిన ఇంటోళ్ళకు అక్కడ్నే ఇప్పించమని అడుగు.

అరెస్ట్ మెమో అసలైన కాగితం. టైము, తేదీ, జాగ ఉంటయి. ఇంటోళ్ళలో ఒకరో, ఆ ఊరి పెద్దమనిషో సాక్షి సంతకం పెట్టాలె. అరెస్ట్ అయిన మనిషి కూడా పెట్టాలె. ఇది పెట్టాల్సిన సంతకమే, కాకపోతే టైము చదివి పెట్టాలె. పొద్దున 8.40కి పట్టుకొని మెమోల సాయంత్రం 5 అని రాస్తే, సంతకం కింద చిన్నగ "ఉదయం 8.40కి తెచ్చిండ్రు" అని రాసి పెట్టొచ్చు. రాయనీయకపోతే ఆ సంగతి మేజిస్ట్రేటు ముందు చెప్పాలె.

ఇంటోళ్ళకో దోస్తుకో చెప్పుడు పోలీసుల బాధ్యత. ఎవరికి చెప్పిండ్రో స్టేషన్ పుస్తకంల ఎక్కించాలె, సెక్షన్ 48. ఎవరి నంబరు చెప్తవో అది నోటికి వచ్చి ఉండాలె. ఫోన్ తీసుకున్నంక కాంటాక్టులు చూస్కునే వీలు ఉండదు. ఇంట్ల ఇద్దరి నంబర్లు గుర్తు పెట్టుకోనోళ్ళు ఈ కాలంల శానా మంది.

సంతకం పెట్టకూడనివి: తెల్ల కాగితం, చదవని కాగితం, ఇంకా తన వాంగ్మూలం. పోలీసులకు చెప్పిన వాంగ్మూలం మీద సంతకం తీసుకోవద్దని చట్టమే చెప్తది, సెక్షన్ 181. పోలీసు ముందు నేరం ఒప్పుకున్నా అది కోర్టుల సాక్ష్యం కాదు.

మెడికల్‌కు పెద్ద దవాఖానకు తీస్కపోతరు. డాక్టరు "దెబ్బలేమైనా ఉన్నయా" అంటే తల ఊపి ఊకోవద్దు, ఉన్నది ఉన్నట్టు చెప్పాలె. ఆ రిపోర్టు కాపీ మనకు ఇయ్యాలె. బీపీ, షుగర్ గోళీలు వేసుకునే మనిషైతే అక్కడే రాయించాలె, లేకపోతే రాత్రికి గోళీ లోపలికి పోనియ్యరు.

బేడీలు మామూలు కేసులకు వెయ్యకూడదు. అలవాటైన నేరస్తుడు, పారిపోయినోడు, హత్య, డ్రగ్స్ అసొంటి కేసులకే 43(3) ఒప్పుకుంటది.

జడ్చర్ల_చౌరస్తా

పానగల్లు అన్నగారి పోస్టుకు ఒకటి కలుపుతున్నాను. అరెస్ట్ కారణాలు అని మరో కాగితం ఉంటుంది, మెమో వేరు ఇది వేరు. "ఫలానా సెక్షన్ కింద" అని రాస్తే సరిపోదు, ఈ మనిషి ఏం చేశాడని పట్టుకున్నారో ఉండాలి. కారణాలు చెప్పకపోతే అరెస్టే చెల్లదని సుప్రీంకోర్టు 2025 ఫిబ్రవరిలో చెప్పింది. అదే ఏడాది నవంబర్‌లో, ఏ నేరమైనా సరే నిందితుడికి అర్థమయ్యే భాషలో రాసి ఇవ్వాలని, కనీసం మేజిస్ట్రేటు ముందు పెట్టడానికి రెండు గంటల ముందైనా ఇవ్వాలని చెప్పింది. మనకైతే తెలుగులోనో ఉర్దూలోనో. ఇంగ్లీషులో ఇస్తే "నాకు చదవరాదు" అని వకీలుకూ మేజిస్ట్రేటుకూ చెప్పాలి.

విచారణ జరుగుతుండగా వకీలును కలిసే హక్కు సెక్షన్ 38లో ఉంది, మొత్తం సేపు పక్కన కూర్చోబెట్టుకునే హక్కు కాదు. వకీలుకు డబ్బు లేకపోతే 15100కు ఫోన్ చేయించండి. కస్టడీలో ఉన్న మనిషికి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం వస్తుంది. మహబూబ్‌నగర్, నల్లగొండ కోర్టు ఆవరణల్లోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు ఉన్నాయి.

లతీఫ్_గుట్ట

బెయిల్ దగ్గర డబ్బు పోగొట్టుకునేది ఎక్కువ, కాబట్టి జర నిదానంగ చదవండి.

బెయిలబుల్ నేరమైతే బెయిల్ అడిగి తీసుకునే దయ కాదు, హక్కు. సెక్షన్ 478. స్టేషన్‌ల్నే ఇయ్యాలె, దాన్నే స్టేషన్ బెయిల్ అంటం. యాక్సిడెంట్ కేసుల్లో ఎక్కువ భాగం ఇదే. నిర్లక్ష్యంతో మనిషి చనిపోతే బీఎన్ఎస్ 106(1), ఐదేళ్ళ దాకా శిక్ష, కానీ బెయిలబుల్. పూచీదారు దొరకని పేద మనిషిని వారం దాటితే సొంత బాండు మీదనే వదిలిపెట్టాలె.

యాక్సిడెంట్ అయితే దెబ్బ తగిలినోన్ని దవాఖానకు చేర్చుడు, 24 గంటల్ల పోలీసులకు చెప్పుడు మోటారు వాహనాల చట్టం సెక్షన్ 134 ప్రకారం డ్రైవర్ బాధ్యత. జనం కొడతరని భయమైతే దగ్గరి స్టేషన్‌కు పోయి చెప్పాలె, పారిపోయినట్టు కాదు. పక్కపోంటి పోతూ సాయం చేసినోన్ని కేసుల ఇరికియ్యకూడదు, పేరు కూడా చెప్పనక్కర్లేదు, 134ఏ.

నాన్ బెయిలబుల్ అయితే 24 గంటల్ల మేజిస్ట్రేటు ముందు పెడతరు. ప్రయాణం టైము ఆ లెక్కల రాదు. ఆదివారం, పండుగ అయితే ఇన్‌చార్జి మేజిస్ట్రేటు ఇంటికైనా తీస్కపోతరు. ఇక్కడ నోరు తెరవాలె. కొట్టిండ్రా, ఎప్పుడు పట్టుకున్నరు, కాగితాలు ఇచ్చిండ్రా అని అడుగుతరు. జిల్లా జైలు మహబూబ్‌నగర్‌ల ఉంది, నల్లగొండల ఉంది.

ఒక చిక్కు చూడండి. మనిషిది మహబూబ్‌నగర్, అరెస్ట్ అయ్యింది షాద్‌నగర్‌ల. అది రంగారెడ్డి జిల్లా. కోర్టు అక్కడిది, వకీలు అక్కడ కావాలె, జామీనుదార్లు అక్కడికి పోవాలె. ఊరోళ్ళను ఇద్దరిని తీస్కపోతే వాళ్ళ ఇంటి పన్ను రసీదు, పట్టాదారు పాసు పుస్తకం వేరే జిల్లావి కాబట్టి వెరిఫికేషన్‌కు పంపుతరు, అక్కడ రోజులు పోతయి. జీతం స్లిప్పు, ఐడీ కార్డు ఉన్న ఉద్యోగస్తుడు జామీను ఉంటే తొందరగ అయితది.

ఇంకా ఎక్కడ ఆగుతదంటే: ఆధార్‌ల పేరు, పాసు పుస్తకంల పేరు కలవకపోవుడు. అదే మనిషి ఇంతకుముందు ఎవరికో జామీను ఉన్న సంగతి చెప్పకపోవుడు. ఎంతమందికి ఉన్నడో ప్రమాణ పత్రంల రాయాలె. ఇంటి పన్ను రసీదు పాత ఏడాదిది.

"10,000 చొప్పున ఇద్దరు జామీన్లు" అని ఆర్డరు వస్తే ఆ డబ్బు కట్టాల్సింది కాదు. వాయిదాకు రాకపోతే వసూలు చేసే హామీ అది. ఆ 20,000 తన చేతిల పెట్టమనే మధ్యవర్తి కనపడితే అక్కడ్నే లేచి రండి. కోర్టు గేటు బయట కిరాయి జామీన్లు దొరుకుతరు, వాళ్ళ తోటి ఇంకో కేసు మెడకు వస్తది.

బెయిల్ ఆర్డర్ వచ్చినా లాకప్ టైము లోపల జైలుకు చేరకపోతే మనిషి తెల్లారి బయటికి వస్తడు. ఇంటోళ్ళు సాయంత్రమే గేటు కాడ నిలబడి ఏడ్వొద్దు.

డిండి_అలుగు

ముందస్తు అరెస్టులు మరిచిపోయారు. క్లాక్ టవర్ సెంటర్లోనో, తెలంగాణ చౌరస్తాలోనో ధర్నా ఉన్న రోజు అటు పోయే మామూలు మనిషిని కూడా వ్యానులో ఎక్కిస్తారు కదా.

కోయిల్‌సాగర్

అది సెక్షన్ 170. నేరం జరగకుండ ఆపేటందుకు పట్టుకునుడు, 24 గంటలు దాటొద్దు. ఎక్కువగ సాయంత్రానికి వదిలేస్తరు. వ్యాను ఎక్కకముందే ఆఫీసు ఐడీ కార్డు, బస్సు పాసు, టికెట్ ముక్క చూపెట్టి "డ్యూటీకి పోతున్న" అని చెప్తే అక్కడ్నే దించేస్తరు, చొక్కా జేబుల కార్డు ఉండాలె అంతే. ఎస్సై "బైండోవర్ చేస్త" అంటే తహసీల్దార్ ముందు బాండు రాయించుడు, సెక్షన్ 126, ఏడాదికి మించదు. ఏ గొడవా లేని మనిషి రాసియ్యకముందు వకీలును అడగాలె. రాసిచ్చినంక ఆ గడువుల చిన్న లొల్లి అయినా బాండు పైసలు కట్టాల్సి వస్తది.

పిల్లలమర్రి_నీడ

అందరికీ దండాలు. ఒక్కటి మిగిలింది. కేసుల పెట్టుకున్న ఫోను, బండి ఎప్పుడు వస్తయి? డెలివరీ, క్యాబ్ నడిపేటోళ్ళకు అదే బతుకుదెరువు.

జడ్చర్ల_చౌరస్తా

కేసు తేలేదాకా ఆగక్కర్లేదు. సీజ్ చేసిన సంగతి మేజిస్ట్రేటుకు చేరాక సెక్షన్ 503 కింద మధ్యంతర కస్టడీ పిటిషన్ వేయాలి. బండికి ఆర్సీ, ఇన్సూరెన్సు, ఆధార్ జిరాక్సులు, ఫోన్‌కు కొన్న బిల్లు లేదా ఐఎంఈఐ ఉన్న డబ్బా కావాలి. బండ్లను స్టేషన్ ముందు తుప్పు పట్టేదాకా ఉంచవద్దని, ఫొటోలు తీసి బాండు మీద ఇచ్చేయాలని సుప్రీంకోర్టు 2002లోనే చెప్పింది. బండి అమ్మను, రంగు మార్చను, అడిగినప్పుడు తెస్తాను అని రాసివ్వాలి. ఫోన్ ఫోరెన్సిక్ ల్యాబుకు పోతే ఆలస్యమవుతుంది, ఈలోపు అదే నంబరుతో కొత్త సిమ్ తీసుకుంటే బ్యాంకు, డెలివరీ యాప్ ఓటీపీలు వస్తాయి.

ఆర్సీ పాత ఓనరు పేరు మీదే ఉంటే పిటిషన్ అతనే వేయాలి. సెకండ్ హ్యాండ్ బండి కొని పేరు మార్పించుకోని వాళ్ళు ఆగేది ఇక్కడే.